ఆరు గ్రూపులు, ఒక నల్ల పెన్ను, 66 కాగితపు పట్టీలు: క్రొమటోగ్రఫీ డైరీ

నల్ల స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి కాగితం కొసను నీళ్ళలో ముంచితే నీలం, గులాబీ, పసుపు విడిపోతాయి. తొమ్మిదో తరగతి పుస్తకంలో క్రొమటోగ్రఫీ పేరుతో ఉన్న కృత్యమే. ఎవరు చేసినా రంగులు వస్తాయి, పిల్లలు చప్పట్లు కొడతారు, పీరియడ్ అయిపోతుంది. ఈ డైరీ దాని గురించి కాదు. ఒకే పెన్నుతో ఆరు గ్రూపులు చేస్తే ఆరుగురికీ ఒకే అంకె వస్తుందా అని చూడాలనుకున్నాం. మాది పాలమూరు వైపు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ల్యాబు అంటే ఒక గది, ఒక కుళాయి, రెండు అల్మరాలు.

అంకె అంటే ఆర్‌ఎఫ్. రంగు ఎక్కిన దూరాన్ని ద్రావణి (రంగును మోసుకెళ్ళే ద్రవం, ఇక్కడ నీళ్ళు) ఎక్కిన దూరంతో భాగిస్తే వచ్చేది. నీళ్ళు 80 మి.మీ. ఎక్కి, నీలం 60 మి.మీ. ఎక్కితే 0.75. ఒకే కాగితం, ఒకే ద్రావణి, ఒకే వేడిమి ఉంటే ఒక పదార్థానికి ఈ విలువ మారకూడదు. ఆరు గ్రూపుల అంకెల మధ్య తేడా 0.05 దాటకూడదని లక్ష్యం పెట్టుకున్నాం.

దశ 1: మొదటి రోజు, ఆరు గ్రూపులు

ఇళ్ళ నుంచి హార్లిక్స్ సీసాలు, పచ్చడి సీసాలు తెచ్చారు. చీపురు పుల్లను సీసా మూతి మీద అడ్డంగా పెట్టి, పట్టీ పైకొసను దానికి చుట్టి గుండుసూది గుచ్చాం. పట్టీ 2 సెం.మీ. వెడల్పు, 12 సెం.మీ. పొడవు. కింది నుంచి 20 మి.మీ. ఎత్తులో మొదలు గీత, చుక్క దాని మీదే. గీత పెన్సిలుతోనే గీయాలని చెప్పాను. కాగితం అల్మరాలో దొరికిన పాత ఫిల్టర్ పేపర్, ఏ రకమో అట్ట మీద చెరిగిపోయింది.

నీలం రంగుకు వచ్చినవి ఇవి:

- గ్రూపు 1: 52/78 = 0.67
- గ్రూపు 2: 61/75 = 0.81
- గ్రూపు 3: అంకె లేదు
- గ్రూపు 4: 88/74 = 1.19
- గ్రూపు 5: 38/70 = 0.54
- గ్రూపు 6: అంకె లేదు

రంగు తనను మోసుకెళ్ళే నీటిని దాటి పోలేదు కాబట్టి 1.19 అసాధ్యం. గ్రూపు 4 రంగును కాగితం కింది అంచు నుంచి, నీటిని మొదలు గీత నుంచి కొలిచింది. 20 తీసేస్తే 68/74, అంటే 0.92. తప్పు దిద్దినా 0.54 నుంచి 0.92 దాకా ఉంది తేడా. ఇక అంకెలతో పని లేదు, కారణాలు వెతకాలి.

గ్రూపు 3 నీళ్ళు 25 మి.మీ. పోసింది. గీత 20 దగ్గర. చుక్క నీళ్ళలో మునిగి సీసా అంతా నీలంగా అయింది, కాగితం మీద ఏమీ మిగల్లేదు. గ్రూపు 6 పట్టీని ఆరబెట్టి తర్వాత కొలుద్దామనుకుంది. ఆరాక తడి అంచు ఎక్కడిదాకా పోయిందో కనబడదు. గ్రూపు 5 పట్టీలో తడి అంచు ఒక పక్క 70, మరో పక్క 58. మధ్యాహ్న భోజనం అయ్యాక చేసిన గ్రూపు అది. పట్టీ మధ్యలో బొటనవేలి జిడ్డు మరక ఉంది, నీళ్ళు దాన్ని తప్పించుకుని పక్క నుంచి పోయాయి. ఆ రోజు గుడ్డు కూర.

ఇంకొకటి నాకు ఆలస్యంగా తట్టింది. కొందరు రంగు మచ్చ పై అంచు దాకా కొలిచారు, కొందరు మధ్య దాకా. మచ్చ పొడవు 14 మి.మీ. ఉన్నప్పుడు అదొక్కటే 0.09 తేడా తెస్తుంది.

మార్చినవి:

1. రెండు దూరాలూ మొదలు గీత నుంచే.
2. రంగును మచ్చ మధ్య దాకా కొలవాలి.
3. నీళ్ళు 10 మి.మీ. ఎత్తు మాత్రమే. సీసా బయట రబ్బరు బ్యాండు వేసి గుర్తు పెట్టాం.
4. పట్టీని అంచులతోనే పట్టుకోవాలి, సబ్బుతో చేతులు కడిగాక.
5. సీసాలోంచి తీసిన వెంటనే తడి అంచు మీద పెన్సిలుతో గీత.

ఇప్పటిదాకా: పట్టీలు 6, పనికొచ్చినవి 0. ఖర్చు ₹40 (స్కెచ్ పెన్ల సెట్టు).

దశ 2: ఏ కాగితం?

పాత ఫిల్టర్ పేపర్ ఆరు పట్టీలకే అయిపోయింది. ఇంట్లో, బడిలో దొరికేవన్నీ పరీక్షించాం. నీళ్ళు 70 మి.మీ. ఎక్కడానికి పట్టిన సమయం:

- చార్టు: 30 నిమిషాల్లో 9 మి.మీ., అక్కడే ఆగింది
- నోటుపుస్తకం కాగితం: 30 నిమిషాల్లో 15 మి.మీ.
- టిష్యూ: ఒక నిమిషంలో పైకి పోయింది, తడిసి తెగి సీసాలో పడింది
- న్యూస్ పేపర్ తెల్ల అంచు: ఎక్కింది గానీ రంగు గీతల్లా చారికలు కట్టింది
- అద్దుడు కాగితం (బ్లాటింగ్ పేపర్): 4 నిమిషాలు
- కొత్త ఫిల్టర్ పేపర్ షీటు: 11 నిమిషాలు

రాసుకునే కాగితానికి సిరా పాకకుండా తయారీలోనే జిగురు కలుపుతారు. మనకు కావలసింది పాకడమే కాబట్టి మంచి నోటుబుక్కు ఇక్కడ పనికిరాదు. అద్దుడు కాగితం ఆశ పుట్టించింది గానీ నీళ్ళు మరీ వేగంగా పోవడంతో గులాబీ, నీలం సగం ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. 11 నిమిషాలు ఓపిక పట్టిన ఫిల్టర్ పేపర్ మీద రెండింటి మధ్య 6 మి.మీ. తెల్ల జాగా మిగిలింది.

కొత్త షీటు నుంచి నాలుగు పట్టీలు కోశాం. రెండు 11 నిమిషాల్లో, రెండు 14 నిమిషాల్లో ఎక్కాయి. అదే షీటు, అవే నీళ్ళు! పట్టీలు కోసిన దిక్కు వేరు. మిల్లులో కాగితం సాగే దిక్కులో నారలు ఎక్కువగా వరుస కడతాయి, నీళ్ళు ఆ వెంబడి త్వరగా పోతాయి. దిక్కు తెలుసుకోవడం తేలిక: షీటు మధ్యలో ఒక నీటి చుక్క వేయండి. తడి మచ్చ గుండ్రంగా పాకదు, కోడిగుడ్డులా సాగుతుంది. మాది 31 మి.మీ. పొడవు, 26 మి.మీ. వెడల్పు పాకింది. పొడవు దిక్కునే అన్ని పట్టీలూ కోయాలని నిర్ణయించి, షీటు మూలన పెన్సిలుతో బాణం గుర్తు వేశాం.

ఇప్పటిదాకా: పట్టీలు 16, పనికొచ్చినవి 2. ఖర్చు ₹80 (అద్దుడు కాగితం ₹10, ఫిల్టర్ షీట్లు రెండు ₹30).

దశ 3: మూత

దీన్ని నేను చాలా తేలిగ్గా తీసుకున్నాను. నీళ్ళతో చేస్తున్నంతసేపు మూత లేకపోయినా పెద్దగా తేడా తెలియలేదు. పర్మనెంట్ మార్కర్ దగ్గర కథ మారింది. ఆ సిరా నీళ్ళలో కరగదు, చుక్క పెట్టిన చోటే కదలకుండా కూర్చుంటుంది. మందుల షాపు నుంచి సర్జికల్ స్పిరిట్ తెచ్చాం. ఆ రోజు గదిలో అగ్గిపుల్ల గానీ దీపం గానీ లేకుండా చూసుకున్నాను, కిటికీలు తెరిచి పెట్టాం.

మొదటి పట్టీలోనే మొదలు గీత నడిచింది. ఒక అబ్బాయి గీతను బాల్‌పెన్నుతో గీశాడు. నీళ్ళతో చేసినప్పుడు కూడా అలాగే గీశాడట, అప్పుడేమీ కాలేదు కాబట్టి పెన్సిలు నియమం ఉత్తదే అనుకున్నాడు. బాల్‌పెన్ సిరా నీళ్ళలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. గీత మొత్తం ఊదా మబ్బులా లేచి చుక్కతో కలిసిపోయింది. పెన్సిలు ముక్కులో ఉండేది గ్రాఫైట్, అది రెండింట్లోనూ కరగదు. నియమం ఎందుకో చెప్పకుండా నియమం మాత్రం చెప్పినందుకు నాదీ తప్పే.

తర్వాత మూడు పట్టీలు మూత లేకుండా. మార్కర్ నలుపులోంచి విడిన ఊదా రంగుకు 0.83, 0.79 వచ్చాయి. మూడోది ఫ్యాను కింద ఉంది, తడి అంచు 46 మి.మీ. దగ్గర ఆగి ఇక కదల్లేదు. కింది నుంచి ఎంత స్పిరిట్ ఎక్కుతోందో పైన అంత ఆవిరైపోతోంది. అంచు ఆగినా కింద ప్రవాహం ఆగదు, రంగును పైకి తోస్తూనే ఉంటుంది. అందుకే మూత లేని సీసాలో ఆర్‌ఎఫ్ ఉన్నదానికన్నా ఎక్కువ వస్తుంది.

చేసిన మార్పు:

1. సీసా లోపలి గోడకు ఒక ఫిల్టర్ పేపర్ ముక్కను అంటించి స్పిరిట్‌తో తడపాలి.
2. మూత పెట్టి 10 నిమిషాలు వదిలేయాలి, సీసా అంతా ఆవిరితో నిండుతుంది.
3. అప్పుడు పట్టీని దింపి, వెంటనే మూత. పుల్ల బదులు పట్టీ పైకొసను మూత లోపలి వైపే టేపుతో అతికించాం.
4. ఫ్యాను ఆపాలి. ఎండాకాలం కాదు కాబట్టి పిల్లలు ఒప్పుకున్నారు.

ఇలా చేసిన ఎనిమిది పట్టీల్లో ఊదా 0.70కి తగ్గలేదు, 0.73 దాటలేదు. డైరీ మొదలుపెట్టాక అంకెలు నిలబడింది ఇదే మొదటిసారి.

ఇప్పటిదాకా: పట్టీలు 28, పనికొచ్చినవి 10. ఖర్చు ₹125 (స్పిరిట్ ₹45).

దశ 4: లేని గులాబీ

మళ్ళీ స్కెచ్ పెన్నులకు, నీళ్ళకు వచ్చాం. పెన్నును నేరుగా కాగితానికి తాకిస్తే చుక్క 5, 6 మి.మీ. పాకుతోంది. పెద్ద చుక్క పెద్ద మచ్చవుతుంది, దానికి తోక కూడా వస్తుంది. అందుకని సిరాను ప్లాస్టిక్ మూతలో ఒక నీటి చుక్కతో కలిపి, సన్నని పుల్ల కొసతో అద్దాం. చుక్క 2 మి.మీ. దాటకూడదు, రంగు చాలకపోతే ఆరాక అదే చోట మళ్ళీ అద్దాలి. పుల్ల కోసం కాలిపోయిన అగరుబత్తుల మిగిలిన కొసలు తెచ్చాం. దేవుడి గూటి దగ్గర ఊరికే పడి ఉంటాయి కదా, ఖర్చు లేదనుకున్నాం.

ఆరు పట్టీలు చేశాం. నలుపు, గోధుమ, ఆకుపచ్చ, పసుపు, నారింజ, నీలం. ఆరింటిలోనూ గులాబీ మచ్చ. పసుపులో కూడా, 0.66 దగ్గర, పలుచగా, స్పష్టంగా.

రెండు రోజులు పోయాయి దీని మీద. సీసాలు సరిగా కడగలేదనుకుని అన్నీ కడిగించాను. కుళాయి నీళ్ళు అనుమానించి మరిగించి చల్లార్చిన నీళ్ళు వాడాను. పెన్నుల కంపెనీవాళ్ళు అన్ని రంగుల్లోనూ కాస్త గులాబీ కలుపుతారేమో అని పిల్లల ముందు ఒక సిద్ధాంతం కూడా చెప్పేశాను, అదీ గట్టిగా.

చివరకు వెనక బెంచీ అమ్మాయి చెయ్యి చూపించింది. "సార్, నా వేళ్ళకు కూడా గులాబీ అంటింది. నేను పెన్ను ముట్టనే లేదు సార్, పుల్ల ఒక్కటే పట్టుకున్నా."

అగరుబత్తి పుల్ల కొసకు వేసే రంగు! మందు అంటని ఆ కొసనే మేం నీళ్ళలో ముంచి అద్దుతున్నాం. ఒక ఖాళీ పట్టీ మీద, సిరా ఏమీ లేకుండా, ఉత్త నీళ్ళలో తడిపిన పుల్లను అద్ది సీసాలో వేలాడదీశాం. పదకొండు నిమిషాలకు 0.66 దగ్గర గులాబీ.

ఆ అమ్మాయికి పట్టీ ఇచ్చి నోటుపుస్తకంలో అంటించుకోమన్నాను. సిద్ధాంతం వెనక్కి తీసుకున్నాను. అప్పటి నుంచి ప్రతి విడతలో ఒక ఖాళీ పట్టీ తప్పనిసరి: అదే కాగితం, అదే ద్రావణి, అదే పుల్ల, సిరా మాత్రం ఉండదు. దాని మీద ఏదైనా కనబడితే ఆ విడత మొత్తం రద్దు.

రంగు లేని టూత్‌పిక్‌లు కొని మళ్ళీ చేశాం, ఏడు పట్టీలు. పసుపులో పసుపే ఉంది. ఆకుపచ్చలో నీలం, పసుపు. గోధుమలో మూడు.

ఇప్పటిదాకా: పట్టీలు 42, పనికొచ్చినవి 17. ఖర్చు ₹145 (టూత్‌పిక్‌లు ₹20).

పక్కదారి: తోటకూర

పిల్లలు ఆకు రంగు కూడా చూద్దామన్నారు. నెయిల్ పాలిష్ రిమూవర్‌లో తోటకూర నూరి, దాన్నే ద్రావణిగా కూడా వాడాం. పచ్చదనం, పసుపు అన్నీ కలిసి తడి అంచుతో పాటే పైకి పోయి ఒకే గీతగా ఆగాయి. రిమూవర్‌లో ఉన్న అసిటోన్ ఆకు రంగులన్నిటినీ బాగా కరిగిస్తుంది, ఏదీ వెనకబడదు. విడదీయడానికి అందులో పెట్రోలియం ఈథర్ ఎక్కువ పాళ్ళలో కలపాలి, అది ఇట్టే అంటుకునే ద్రవం, బడిలో వద్దనుకున్నాను. పైగా రిమూవర్ పోసిన డిస్పోజబుల్ గ్లాసు అడుగు మెత్తబడి బల్లకు అంటుకుంది. నాలుగు పట్టీలు, ₹40, పనికొచ్చినవి సున్నా. దీన్ని ఇక్కడితో వదిలేశాం.

ఇప్పటిదాకా: పట్టీలు 46, పనికొచ్చినవి 17. ఖర్చు ₹185.

దశ 5: పిప్పరమెంట్లు, ఉన్ని

బడి ముందు దుకాణంలో అమ్మే ఆకుపచ్చ, నారింజ పిప్పరమెంట్లలో ఏ రంగులున్నాయో చూడాలన్నది పిల్లల కోరికే. మన దేశంలో తినే పదార్థాలకు అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది. పసుపుకు టార్ట్రజిన్, సన్‌సెట్ యెల్లో. ఎరుపుకు పాన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. నీలానికి బ్రిలియంట్ బ్లూ, ఇండిగో కార్మైన్. పచ్చకు ఫాస్ట్ గ్రీన్. పోల్చడానికి మూడు చిన్న ఫుడ్ కలర్ సీసాలు కొన్నాం. లేబుల్ మీద నంబర్లుంటాయి: పచ్చ సీసా మీద 102, 133, అంటే టార్ట్రజిన్, బ్రిలియంట్ బ్లూ. పసుపు మీద 102. నారింజ మీద 110, అంటే సన్‌సెట్ యెల్లో.

ఉత్త నీళ్ళతో పచ్చ, పసుపు రెండూ తడి అంచు దాకా పోయి కూర్చున్నాయి, విడదీసి చెప్పలేం. లీటరు నీళ్ళకు ఒక గ్రాము ఉప్పు కలిపాక ఒక్కొక్కటి తన చోట ఆగింది. 80 మి.మీ. దూరంలో నీలం 75 (0.94), టార్ట్రజిన్ 62 (0.78), సన్‌సెట్ యెల్లో 47 (0.59).

పిప్పరమెంట్‌ను నీళ్ళలో కరిగించి నేరుగా అద్దితే పాకం అద్దినట్టే. చక్కెర కాగితాన్ని బిగబట్టేసింది, రంగు మొదలు గీత నుంచి పొడుగు తోకలా సాగింది. రెండు పట్టీలు పోయాయి. చక్కెరను వదిలించి రంగును మాత్రం పట్టుకోవాలి, దానికి పాత ఉపాయం ఒకటి ఉంది: ఉన్ని. పులుపు నీళ్ళలో ఈ రంగులు ఉన్నికి అంటుకుంటాయి, చక్కెర అంటదు. తర్వాత అమ్మోనియా నీళ్ళలో వేస్తే ఉన్ని రంగును వదిలేస్తుంది.

బజారులో తెల్ల "ఉలన్" దారం ₹25కి తెచ్చాను. పది నిమిషాలు ఉడికించినా తెల్లగానే ఉంది. నీళ్ళు పచ్చగానే ఉన్నాయి. వెనిగర్ చాలలేదనుకుని ఇంకా పోశాను, లాభం లేదు. అప్పుడు దారం కొసను పట్టకారుతో పట్టి మంట దగ్గర పెట్టాను. ఉన్ని అయితే వెంట్రుక కాలిన కమురు వాసన రావాలి. ఇది కరిగి నల్లటి పూసలా గట్టిపడింది. ఉత్త అక్రిలిక్.

మా వైపు గొంగళ్ళు నేసే ఊళ్ళున్నాయి, గొర్రెలున్నాయి. ఒక పిల్లవాడి తాత పిడికెడు తెల్ల ఉన్ని పంపాడు. నల్ల గొర్రెల మంద నుంచి తెల్లది వెతికి కత్తిరించాడట. "సార్, తాత అడిగిండు, ఉన్నితోటి పిప్పరమెంట్ ఏం జేస్తరని." చెప్పడానికి పావుగంట పట్టింది.

చేసిన పద్ధతి:

1. ఉన్నిని సబ్బు నీళ్ళతో రెండుసార్లు ఉతికి జిడ్డు వదిలించాలి.
2. ఒకే రంగు పిప్పరమెంట్లు 5, గోరువెచ్చని నీళ్ళు 50 మి.లీ., వెనిగర్ 2 చెంచాలు.
3. చిటికెడు ఉన్ని వేసి సన్న మంట మీద 10 నిమిషాలు. ఉన్ని రంగెక్కుతుంది, నీళ్ళు తేటబడతాయి.
4. ఉన్నిని చల్లని నీళ్ళతో బాగా కడగాలి. చక్కెర పోవడం ఇక్కడే.
5. వేరే బీకరులో 20 మి.లీ. నీళ్ళు, పలుచని అమ్మోనియా కొన్ని చుక్కలు. వేడి చేస్తే రంగు దిగుతుంది. ఇది కిటికీ పక్కన నేనే చేశాను, పిల్లల చేతికివ్వలేదు.
6. ఉన్నిని తీసేసి, మిగిలిన నీళ్ళను ఉడుకు నీళ్ళ గిన్నె మీద పెట్టి అర చెంచా అయ్యేదాకా ఇగరబెట్టాలి.

ఈ పని చేస్తూ ఒక సంగతి చెప్పకుండా ఉండలేకపోయాను. కాగితం మీద క్రొమటోగ్రఫీ 1944లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో, ఉన్ని పరిశ్రమల పరిశోధన సంస్థలో మొదలైంది. కాన్స్‌డెన్, గార్డన్, మార్టిన్ అనే ముగ్గురు ప్రొటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాలను కాగితం మీద విడదీశారు. వాళ్ళ గొడవంతా ఉన్నిలోని ప్రొటీన్ ఎలా కట్టుకుని ఉందన్నదే. క్రొమటోగ్రఫీ మీద అంతకు ముందు కలిసి చేసిన పనికి మార్టిన్, సింజ్ ఇద్దరికీ 1952లో నోబెల్ వచ్చింది. తాతకు ఈ ముక్క ముందే చెప్పి ఉంటే పావుగంట పట్టేది కాదేమో.

ఫలితాలు: ఆకుపచ్చలో రెండు మచ్చలు, 74 (0.93), 61 (0.76). పచ్చ సీసా పట్టీతో పక్కపక్కన పెడితే మిల్లీమీటరు తేడా. నారింజలో ఎరుపు, పసుపు రెండూ వస్తాయని క్లాసులో అందరూ పందెం కాశారు, నేనూ కాశాను. ఒకే మచ్చ వచ్చింది, 47 దగ్గర. సన్‌సెట్ యెల్లో తనంతట తానే నారింజ రంగు, పేరులో పసుపు ఉన్నా సరే. డ్రాయింగు క్లాసులో ఎరుపు, పసుపు కలిపితే వచ్చే నారింజ వేరు.

ఒకే ఎత్తుకు ఎక్కినంత మాత్రాన అదే పదార్థం అని ఖాయంగా చెప్పలేం, వేరే రంగు కూడా అదే చోట ఆగొచ్చు. "టార్ట్రజిన్ ఉంది" అని రాయబోయిన గ్రూపుల చేత "టార్ట్రజిన్ ఎక్కిన చోటికే ఎక్కింది" అని దిద్దించాను.

ఇప్పటిదాకా: పట్టీలు 59, పనికొచ్చినవి 25. ఖర్చు ₹355 (ఫుడ్ కలర్లు ₹105, అక్రిలిక్ దారం ₹25, పిప్పరమెంట్లు ₹10, వెనిగర్ ₹30). ఉన్నికి తాత డబ్బులు తీసుకోలేదు.

దశ 6: మళ్ళీ ఆరు గ్రూపులు, అదే నల్ల పెన్ను

బాణం దిక్కున కోసిన పట్టీలు, మూత, లోపల తడి కాగితం, టూత్‌పిక్, పెన్సిలు గీత, 10 మి.మీ. నీళ్ళు. విడతకు ఒక ఖాళీ పట్టీ, అది శుభ్రంగా వచ్చింది, లెక్కలో కలపలేదు. నీలానికి:

- గ్రూపు 1: 0.80
- గ్రూపు 2: 0.82
- గ్రూపు 3: 0.79
- గ్రూపు 4: 0.81
- గ్రూపు 5: 0.83
- గ్రూపు 6: 64/86 = 0.74

ఐదు గ్రూపుల మధ్య తేడా 0.04. గ్రూపు 6 దగ్గర 86 అన్న అంకె చూసి ఆగాను, అందరినీ 80 దగ్గరే తీయమన్నాం. వాళ్ళూ 80 దగ్గరే తీశారట. తీసి బల్ల మీద పెట్టి, పెన్సిలు కోసం పక్క గ్రూపును అడిగి, తెచ్చుకుని గీశారు. ఈలోగా తడి అంచు ఇంకో 6 మి.మీ. పాకింది, రంగు అక్కడే ఉండిపోయింది. 64/80 అయితే 0.80. అలా లెక్క దిద్దుకోవద్దని, పెన్సిలు ముందే చేతిలో పెట్టుకుని కొత్త పట్టీ చేయమన్నాను. 0.81 వచ్చింది.

మొత్తం: పట్టీలు 66, పనికొచ్చినవి 31. ఖర్చు ₹355.

పట్టీలను నోటుపుస్తకం లోపల దాచండి. కిటికీ పక్కన గోడకు అంటించిన మూడింట్లో గులాబీ తొమ్మిది రోజుల్లో వెలిసిపోయింది, నీలం, పసుపు అలాగే ఉన్నాయి. వచ్చే వారం బి సెక్షన్‌తో మొదలుపెడుతున్నాం. ప్రతి సీసా మూతకు దారంతో ఒక పెన్సిలు కట్టాం.